ఉప్పునీళ్ల ట్యాంకులో చేపలు ఒక్కొక్కటే మాయం, శవం కూడా దొరకడం లేదు (హన్మకొండ)

రెండడుగుల_సముద్రం:

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి, కొంచెం పొడుగైతే ఏమనుకోకండి. మా ఇంట్లో ఉప్పునీళ్ల ట్యాంకు ఉంది. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు. లెక్కకు 70 లీటర్లు, రాళ్లూ ఇసుకా పోను 55 ఉంటాయేమో. పోయిన నవంబర్‌లో మొదలుపెట్టి, ఆరు వారాలు చేపలు లేకుండా నీళ్లు మాత్రమే తిప్పి, సంక్రాంతికి రెండు క్లౌన్ చేపలు వేశాను. తర్వాత ఒక ఫైర్‌ఫిష్, ఒక ఎల్లోటెయిల్ డామ్సెల్, ఒక పచ్చ రాస్. వీటితో పాటు గవ్వల్లో ఉండే చిన్న హెర్మిట్ ఎండ్రికాయలు ఐదు.

మార్చి ఆఖర్లో ఫైర్‌ఫిష్ కనపడలేదు. రాళ్ల వెనక దాక్కుందేమో అనుకుని నాలుగు రోజులు ఊరుకున్నాను, మళ్లీ రాలేదు. ఏప్రిల్ మధ్యలో డామ్సెల్ పోయింది. ఇప్పుడు నాలుగు రోజుల నుంచి రాస్ లేదు. ఒక్కదానికీ శవం లేదు, ముల్లు లేదు, వాసన లేదు, నీళ్లు తెల్లబడలేదు. అమ్మోనియా (లోపల ఏదైనా కుళ్లితే పెరిగేది) టెస్ట్ చేస్తే సున్నా. మిగిలింది రెండు క్లౌన్‌లు, అందులో చిన్నదానికి తోక దగ్గర చిరిగినట్టుంది.

ఇంకో సంగతి. రాత్రి లైట్లు ఆపాక ట్యాంకు వైపు నుంచి టిక్ టిక్ అని శబ్దం వస్తోంది. ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ట్యాంకు తీసేస్తున్న ఒకాయన దగ్గర నాలుగు కిలోల లైవ్ రాక్ (చిన్న చిన్న జీవులతో నిండిన సముద్రపు రాయి) కొన్నాను, దాంట్లో ఏదో వచ్చిందని నా అనుమానం. మా అత్తమ్మ మాత్రం పక్కింటి పిల్లి అంటోంది. మామయ్య అయితే "మృగశిర కార్తె ఇంకా రాలేదు, అప్పుడే చేపలు ఎవరు తింటున్నారు" అని రోజూ అదే జోకు. మా బాబు (తొమ్మిదేళ్లు) పొద్దున లేవగానే చేపల్ని లెక్కపెడతాడు, వాడికి ఏం చెప్పాలో తెలియడం లేదు. నాకు నిజంగానే టెన్షన్‌గా ఉంది. ముందు ఏం చూడాలి?

రాత్రి_టార్చ్:

బ్రదర్, టిక్ టిక్ అంటే ఇంకేం చూస్తావ్, మాంటిస్ రొయ్య! లైవ్ రాక్‌లో వచ్చే దొంగల్లో నంబర్ వన్ అదే. దాని దెబ్బ సెకనుకు 20 మీటర్లకు పైగా వేగంతో పడుతుంది, పెద్ద రకాలైతే ట్యాంకు అద్దం కూడా పగలగొట్టిన సందర్భాలున్నాయి. అది కాకపోతే బాబిట్ వార్మ్, దాక్కుని చేపల్ని పట్టే సముద్రపు పురుగు. ఇంగ్లండ్‌లో న్యూకీ అనే ఊళ్లో బ్లూ రీఫ్ అక్వేరియం వాళ్లకు ఇదే జరిగింది. చేపలకు గాయాలు, పగడాలు ముక్కలు, ఎవరి పనో తెలియదు. చివరికి 2009లో రాళ్లన్నీ విప్పితే నాలుగడుగుల పురుగు బయటపడింది. దానికి బ్యారీ అని పేరు కూడా పెట్టారు. నీ ట్యాంకులో రాళ్లు మొత్తం తీసి పారేయ్, కొత్తవి వేసుకో. మా బావమరిది వైజాగ్‌లోనే ఉంటాడు, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చి ఇవ్వమంటే ఇస్తాడు.

కాజీపేట_పెద్దన్న:

ముందు పై తమ్ముడికి: రాళ్లు సముద్రం నుంచి ఏరి రైల్లో తెచ్చే ఆలోచన మానుకో. అలాంటి రాళ్లు ఎక్కువగా పగడాలవే. రీఫ్ (పగడపు దిబ్బలు) కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, చచ్చిన పగడపు ముక్కైనా సరే సంచిలో దొరికితే మీ బావమరిది స్టేషన్లో కూర్చోవాల్సి వస్తుంది. బాబిట్ కథ నిజమే, కానీ అది పెద్ద పబ్లిక్ అక్వేరియం. 55 లీటర్ల నీళ్లలో, నాలుగు కిలోల రాయిలో నాలుగడుగుల పురుగు ఎక్కడ పడుకుంటుంది?

ఇక అసలు విషయం. నేను పదకొండేళ్లుగా ఉప్పునీళ్లు పెంచుతున్నాను, ట్యాంకు లోపల చచ్చిన చేపల కన్నా బయటికి దూకి పోయినవే ఎక్కువ. మీ పోస్టులో అన్నీ ఉన్నాయి గానీ మూత మాటే లేదు. మూత ఉందా? ఎండలు ముదిరాక వేడి తగ్గాలని తీసేశారా?

ఫైర్‌ఫిష్ అంటేనే దూకే చేప. దానికి ధైర్యం తక్కువ, పక్కన డామ్సెల్ లాంటి రౌడీ ఉంటే ఇంకా తక్కువ. లైటు టక్కున ఆరినా, ఎవరైనా చటుక్కున ట్యాంకు ముందు నుంచి పోయినా బాణంలా పైకి లేస్తుంది. మన దగ్గర కొర్రమీను కొనుక్కొచ్చినవాళ్లు బకెట్ మీద పళ్లెం బోర్లించి, ఆ పళ్లెం మీద రాయి పెట్టేది ఎందుకు? అదే కారణం. తేడా ఏంటంటే కొర్రమీను గాలి పీలుస్తుంది, వంటింట్లో అంత దూరం పాకినా బతికే ఉంటుంది, ఇది బయట పడితే కొన్ని నిమిషాలే.

ఈ రాత్రికి రాళ్లు కదపొద్దు. స్టాండు వెనక, కింద, సోఫా అడుగున, కర్టెన్ మడతల్లో, దగ్గర్లో ఫ్రిజ్ ఉంటే దాని కిందా చూడండి. ట్యాంకు నుంచి ఆరేడు అడుగుల దూరం దాకా చూడాలి, టైల్స్ మీద పడితే ఎగిరెగిరి చాలా దూరం పోతాయి. ఎండిపోతే రెండంగుళాల చేప చింతకాయ తొక్కలా ఉంటుంది, చేప అని గుర్తుపట్టలేరు. చీమల వరుస ఏమైనా కనిపించిందా అని కూడా గుర్తు చేసుకోండి. ఫిల్టర్ పెట్టె మూత తీసి లోపల కూడా చూడండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఈ ట్యాంకుకు ఐదు చేపలు ఎక్కువ. రెండు క్లౌన్‌లు, ఇంకొకటి ఏదైనా చిన్న గోబీ, అంతే. రాస్ ఇందులో ఉండాల్సింది కాదు. అమ్మినవాళ్లు చెప్పరు, ఎందుకు చెప్తారు.

రెండడుగుల_సముద్రం:

బ్రదర్ కాదండీ, సిస్టర్ 🙂

పెద్దన్న గారూ, మీరు చెప్పింది చదవగానే గుండె జారిపోయింది. మూత తీసేశాను. మార్చి మూడో వారంలో నీళ్లు 31 డిగ్రీలకు వస్తుంటే అద్దం మూత తీసి క్లిప్ ఫ్యాన్ పెట్టాను, దాంతో 28కి వచ్చింది. అప్పటి నుంచి పైన ఏమీ లేదు.

స్టాండు జరిపి చూశాం. వెనక ఏమీ లేదు. కానీ ఇంట్లో అందరినీ అడుగుతుంటే మా ఇంట్లో పనిచేసే అక్క అంది, ఉగాది అయిన కొన్నాళ్లకు సోఫా పక్కన ఎర్రగా ఎండిపోయి చీమలు పట్టిన "మిరపకాయ" ఒకటి ఊడ్చి పారేసిందట. మిరపకాయకు కళ్లుంటాయా అక్కా అంటే, నేనేం దాని మొహం చూశానా అంది. ఫైర్‌ఫిష్ వెనక సగం ఎరుపే కదా. అదే అయి ఉంటుంది. వారం రోజులు నేను రాళ్ల వెనక టార్చ్ వేసి వెతికాను, అది సోఫా పక్కన పడి ఉంది. అంత బాధేసింది.

మరి డామ్సెల్? దానికి దూకే అలవాటు లేదని చదివాను. నేలంతా చూశాం, లేదు. రాస్ కూడా దూకిందంటారా?

పీపీఎం_నయీంనగర్:

నేను ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి నాకు నీళ్ల పిచ్చి, నీళ్ల గురించే అడుగుతాను.

అమ్మోనియా సున్నా వచ్చింది కాబట్టి చేప లోపల చావలేదు అనుకోకండి. అంగుళంన్నర చేప చచ్చిపోతే మీ ఐదు హెర్మిట్‌లు, ఇసుకలో ఉండే బ్రిస్టిల్ పురుగులు (ఒళ్లంతా నూగుండే సముద్రపు పురుగులు) కలిసి ఒక్క రాత్రిలో ఊడ్చేస్తాయి. లైవ్ రాక్ వచ్చిందంటే బ్రిస్టిల్ పురుగులు వచ్చినట్టే, అవి పగలు కనపడవు. తెల్లారేసరికి చిన్న ముల్లు మిగిలితే అదృష్టం. ట్యాంకు బాగా కుదురుకుని ఉంటే మిగిలిన కాస్త అమ్మోనియాను బాక్టీరియా అందుకుంటుంది, కిట్‌లో రంగు మారదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. శవం లేదు కాబట్టి ఎవరో వేటాడి తిన్నారు అనుకుంటారు. తినడం వేరు, చంపడం వేరు.

కాబట్టి అసలు ప్రశ్న: డామ్సెల్ కనపడకుండా పోయిన రోజు ఏమైంది? ఏప్రిల్ మధ్యలో అన్నారు. ఆ వారంలోనే కదా సాయంత్రం గాలిదుమారం వచ్చి మామిడికాయలు రాలాయి, మా వైపు రాత్రి పదింటికి పోయిన కరెంటు తెల్లవారుజామున గానీ రాలేదు. మీ ట్యాంకు ప్లగ్ ఇన్వర్టర్ మీద ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే, 30 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే సముద్రపు నీళ్లు 6.2 దగ్గరే ఆగిపోతాయి. మొదలే తక్కువ. మోటార్లు ఆగితే పైనీళ్లు కదలవు, కొత్త గాలి కరగదు. రాత్రి కాబట్టి నాచు కూడా ఆక్సిజన్ ఇవ్వదు, పైగా అదే పీల్చుకుంటుంది. రాళ్లు, పురుగులు, బాక్టీరియా, మిగిలిన నాలుగు చేపలు అన్నీ ఆ 55 లీటర్లనే పంచుకోవాలి. నాలుగైదు గంటలు చాలు.

ఇంకోటి, ఫ్యాన్ పెట్టాక ఆవిరైన నీళ్లకు బదులు ఏం పోస్తున్నారు?

కొత్త_ట్యాంకు_జనగామ:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. ఉప్పునీళ్ల ట్యాంకుకు ఆ మెరైన్ సాల్ట్ బకెట్ చాలా రేటు చెప్తున్నారు. కిరాణా కొట్లో కళ్లుప్పు కూడా సముద్రం నుంచే కదా వచ్చేది, అది వేస్తే సరిపోదా అన్నలూ?

పీపీఎం_నయీంనగర్:

జనగామ తమ్మీ, సరిపోదు. ఉప్పుమడిలో గడ్డకట్టి చేతికొచ్చేది సోడియం క్లోరైడ్, మెగ్నీషియం లాంటివి ఆ మిగిలిపోయిన చేదునీళ్లలోనే ఉండిపోతాయి, ఆ నీళ్లు వేరే తీసేస్తారు. నీ దగ్గరికి వచ్చేది కూరలో వేసే ఉప్పు. సముద్రపు నీళ్లలో మెగ్నీషియం 1300 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములనుకో) దగ్గర, కాల్షియం 400 పైన, ఇంకా నీళ్ల పీహెచ్‌ను నిలబెట్టే కార్బొనేట్లు ఉండాలి. కళ్లుప్పుతో చేప నాలుగు రోజులు ఈదొచ్చు, ఐదో రోజు ఇక్కడికే వచ్చి పోస్టు పెడతావు. వేరే పోస్టు పెట్టు, అక్కడ మాట్లాడుకుందాం, మేడం గారి సమస్య ముందు చూద్దాం.

రెండడుగుల_సముద్రం:

పీపీఎం గారూ, మీరు అడిగాక క్యాలెండర్ చూశాను. పాల లెక్క రాసుకునే క్యాలెండర్‌లోనే బాబు చేపల లెక్క కూడా రాస్తాడు. గాలిదుమారం రోజు "4" అని ఉంది, మర్నాడు "3". మా ఇన్వర్టర్ హాల్లో ఫ్యాన్లు, లైట్లకే ఉంది, ట్యాంకు ప్లగ్ దాని మీద లేదు. అంటే మేము ఫ్యాన్ కింద హాయిగా పడుకున్నాం, పక్కనే అది ఊపిరాడక పోయింది.

మరి అదే నీళ్లలో క్లౌన్‌లు ఎలా బతికాయి అని ఒక డౌట్ మాత్రం ఉంది.

నీళ్ల గురించి: ఐదారు రోజులుగా ఆ పని మామయ్యది, రోజూ ఒక లీటరున్నర పోస్తున్నారు. ఏవి పోస్తున్నారు అని ఇప్పుడు అడిగితే, నేను నీళ్లు మార్చడానికి కలిపి పెట్టుకున్న ఉప్పునీళ్లే అట! "సముద్రం కదమ్మా, ఉప్పునీళ్లే పోయాలి కదా" అన్నారు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే 1.029 ఉంది. నేను 1.025 దగ్గర పెట్టాలని అనుకున్నాను. ఆయన్ని ఏమీ అనలేను, పాపం రోజూ మర్చిపోకుండా పోస్తున్నారు.

పీపీఎం_నయీంనగర్:

అనకండి, అందరి ఇళ్లలో జరిగేదే. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. కాబట్టి రోజూ పోయాల్సింది ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్లు. వీధిలో వచ్చే 20 లీటర్ల క్యాన్ అయితే టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చూపేది) పెట్టి చూసి వాడండి, ఒక్కో ప్లాంటుది ఒక్కోలా ఉంటుంది. బోరు నీళ్లు వద్దే వద్దు. 1.029 నుంచి ఒక్కరోజులో దించకండి, రోజుకు కొంచెం కొంచెంగా నాలుగైదు రోజుల్లో 1.025కి తెండి. ట్యాంకు అద్దం మీద నీటి మట్టం దగ్గర స్కెచ్ పెన్నుతో గీత గీయండి, మామయ్య గారికి ఆ గీత, ఒక ఆర్‌ఓ బాటిల్ అప్పజెప్పండి.

క్లౌన్‌లు ఎందుకు బతికాయంటే, అవి రాత్రి పైన మూలలో పడుకునే రకం కదా, నీళ్లు గాలిని తాకేది అక్కడే. డామ్సెల్ రాళ్ల సందులో దూరి పడుకుంటుంది, నీళ్లు ఆగిపోతే ముందు గాలి అయిపోయేది అలాంటి సందుల్లోనే. ఇది నా ఊహే, దాని మీద ప్రమాణం చేయను.

బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి కొని పెట్టుకోండి. కరెంటు పోగానే దానంతట అదే ఆన్ అయ్యేది దొరుకుతుంది, మే నెలలో దానికంటే అవసరమైన వస్తువు లేదు.

కరీంనగర్_ఇసుక:

అందరూ రాస్‌ను చంపేశారు, నేను మాత్రం అది బతికే ఉందంటున్నాను. మేడం, మీ ట్యాంకులో ఇసుక ఎంత మందం ఉంది? పచ్చ రాస్ అంటే హాలికోరెస్ జాతిదే అయి ఉంటుంది. వాటి పరుపు ఇసుకే. రోజూ రాత్రి ఇసుకలో మునిగి పడుకుంటాయి, భయం వేసినా మునుగుతాయి. కొత్త ట్యాంకులో వేసినప్పుడో, నీళ్లలో ఏదైనా తేడా వచ్చినప్పుడో రోజుల తరబడి పైకి రావు. నాది ఒకటి కొన్న రోజే మునిగి ఎనిమిదో రోజు లేచింది, అప్పటికి నేను షాపువాడితో లొల్లి కూడా పెట్టుకుని వచ్చాను.

మీరు చేయకూడని పని ఒక్కటే, గరిటె పెట్టి ఇసుక తవ్వడం. గరిటె తగిలి చేప చస్తుంది, అడుగున ఉన్న చెత్తంతా ఒకేసారి పైకి లేస్తుంది. పొద్దున లైటు వేసిన గంటకు, మళ్లీ మధ్యాహ్నం, ట్యాంకుకు కాస్త దూరంగా కూర్చుని చూడండి. దూకి ఉండొచ్చు కూడా, కాదనను, రాస్‌లు కూడా దూకుతాయి. అందుకే మూత.

మూత అంటే అద్దమే అక్కర్లేదు. కిటికీలకు దోమలు రాకుండా కొట్టే నైలాన్ తెర ఉంటుంది కదా, దాన్ని అల్యూమినియం ఫ్రేములో బిగించి ఇవ్వమంటే కిటికీ తెరలు చేసేవాళ్లే చేసి ఇస్తారు. గాలి ఆడుతుంది, ఫ్యాన్ పనిచేస్తుంది, చేప ఆగుతుంది. ఇనుప జాలీ మాత్రం వద్దు, ఉప్పుకు నెలలో తుప్పు పట్టి నీళ్లలో రాలుతుంది.

రాత్రి_టార్చ్:

అందరూ టిక్ టిక్ సంగతి మర్చిపోయారు, నేను మర్చిపోలేదు. సిస్టర్, రాత్రి పదకొండు దాటాక ఎర్ర లైటుతో చూడండి. మామూలు టార్చ్‌కు ఎర్ర రంగు గిఫ్ట్ కాగితం చుట్టినా సరే. చాలా రాత్రి జీవులకు ఎరుపు సరిగ్గా కనపడదు, పారిపోకుండా తిరుగుతాయి. చిన్న రొయ్య ముక్క రాయి ముందు పెట్టి అరగంట కూర్చోండి.

రెండడుగుల_సముద్రం:

రాత్రి_టార్చ్ తమ్ముడూ, టిక్ టిక్ దొరికింది, నవ్వొద్దు. ఫ్యాన్‌ను ఆన్ ఆఫ్ చేయడానికి పెట్టిన టెంపరేచర్ కంట్రోలర్ అది. నీళ్లు 28 దాటగానే టిక్, తగ్గగానే టిక్. పగలు కూలర్ మోతలో వినపడదు, రాత్రి వినపడుతుంది. మా ఆయన చెవి ఆనించి పట్టుకున్నాడు.

కానీ నీ ఎర్ర కాగితం ఐడియా వృథా పోలేదు. నిన్న రాత్రి బాబు నిద్రపోకుండా నాతోనే కూర్చున్నాడు. పదకొండున్నరకు హైదరాబాద్ రాయి కింద బొక్కలోంచి ముందు ఒక కొండి వచ్చింది, తర్వాత ఇంకో కొండి, రొయ్య ముక్కను పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ఎండ్రికాయ! ఒళ్లంతా వెంట్రుకలు, కొండీల చివర్లు నల్లగా, అర్ధరూపాయి బిళ్లంత ఉంటుంది. ఆ బొక్క ముందు రెండు ఖాళీ గవ్వలు పడి ఉన్నాయి, నేను ఇన్నాళ్లూ హెర్మిట్‌లు ఇల్లు మారాయనుకున్నాను. పొద్దున లెక్కపెడితే హెర్మిట్‌లు మూడే.

క్లౌన్ తోక చింపింది కూడా ఇదేనా? దీన్ని ఎలా పట్టాలి?

కాజీపేట_పెద్దన్న:

వెంట్రుకలు, నల్ల కొండి చివర్లు అంటే ఉంచుకోవాల్సిన రకం కాదు. ఇవి చిన్నప్పుడు నాచు తింటూ బుద్ధిగా ఉంటాయి, పెరిగేకొద్దీ నత్తలు, హెర్మిట్‌లు, తర్వాత రాయి సందుల్లో నిద్రపోయే చేపలు. మీ డామ్సెల్‌ను చంపిందో, చచ్చాక తిన్నదో ఇక ఎవరూ చెప్పలేరు. క్లౌన్ తోక మాత్రం దీని ఖాతాలో వేయకండి. క్లౌన్‌లు పైన పడుకుంటాయి, ఎండ్రికాయ అంత పైకి రాదు. జంటలో పెద్దది ఆడది, చిన్నది మగది, ఆడది మగదాన్ని అప్పుడప్పుడు కరిచి అదుపులో పెడుతుంది. తోక వారంలో అతుక్కుంటుంది.

పట్టడానికి ఖర్చు లేదు. ఇంట్లో సన్నగా పొడుగ్గా ఉండే గాజు గ్లాసు తీసుకోండి, నున్నగా ఉండాలి, గీతలు డిజైన్లు లేనిది. అడుగున పచ్చి రొయ్య ముక్క వేసి, అది తేలకుండా చిన్న రాయి పెట్టి, గ్లాసును ఆ బొక్క పక్కనే రాయికి ఏటవాలుగా ఆనించండి. మూతి రాయిని తాకుతూ ఉండాలి. ఎండ్రికాయ రాయి మీద నుంచి పాకి గ్లాసులోకి జారుతుంది, నున్నటి గాజు మీద కాళ్లు పట్టవు, పైకి రాలేదు. లైట్లు ఆపే ముందు పెట్టండి, ఆ రోజు చేపలకు తప్ప ఇంకేమీ తిండి వేయకండి, దానికి ఆకలి వేయాలి కదా.

మూడు నాలుగు రాత్రులకూ పడకపోతే రాయిని బకెట్ మీద పట్టుకుని, సిరంజితో సాదా సోడా ఆ బొక్కలోకి కొట్టండి, పది సెకన్లలో బయటికి దూకుతుంది. ట్యాంకులో కాదు, బయట తీశాకే. వేళ్లు బొక్కలో పెట్టకండి. బ్రిస్టిల్ పురుగులు ఉంటాయి, వాటి నూగు గుచ్చుకుంటే రెండు రోజులు మంట, రాయి పట్టుకునేటప్పుడు గ్లవుజులు వేసుకోండి.

రెండడుగుల_సముద్రం:

ఆలస్యంగా రాస్తున్నాను, వారం పట్టింది.

మొదటి రాత్రి గ్లాసులో రెండు హెర్మిట్‌లు పడ్డాయి. రెండో రాత్రి రొయ్య ముక్క లేదు, ఎండ్రికాయా లేదు, గ్లాసు సరిగ్గా ఆనలేదనుకుంటా, ఒక కాలు బయట పెట్టుకుని తిని పోయినట్టుంది. మూడో రాత్రి మా ఆయన గ్లాసు కింద ఇసుక కొంచెం తీసి ఇంకా వాల్చి పెట్టాడు. పొద్దున ఆరింటికి బాబు కేక. వెళ్లి చూస్తే గ్లాసులో కూర్చుని రెండు కొండీలూ పైకెత్తి మమ్మల్నే చూస్తోంది, అంత కోపం ఉన్న ఎండ్రికాయను నేను చూడలేదు. చంపడానికి మనసు రాలేదు. నాలుగు లీటర్ల పాత ఊరగాయ జాడీ కడిగి, ఇసుక, ఒక రాయి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేసి అందులో పెట్టాం. అత్తమ్మ జాడీ పోయిందని రెండు రోజులు మాట్లాడలేదు, ఇప్పుడు ఆమే దానికి చేపల ఫ్రిజ్ డబ్బాలోంచి ముక్క తీసి వేస్తోంది.

కరీంనగర్ అన్నా, మీ నోట్లో పంచదార పోయాలి! ఎండ్రికాయ దొరికిన మర్నాడు, అంటే కనపడకుండా పోయిన పదకొండో రోజు, మధ్యాహ్నం పన్నెండింటికి ముందు అద్దం దగ్గర ఇసుక కదిలి పచ్చ రాస్ తల బయట పెట్టింది. సన్నబడింది గానీ రొయ్య పిల్లలు వేస్తే తింది. బాబు క్యాలెండర్‌లో "2" కొట్టేసి "3" రాశాడు, పక్కన ఎండ్రికాయకు ఇంకో "1". రాస్‌ను ఇక్కడ ఉంచనులెండి పెద్దన్న గారూ, మా చెల్లెలి మరిది దగ్గర నాలుగడుగుల ట్యాంకు ఉంది, వచ్చే ఆదివారం ఇచ్చేస్తాను.

నైలాన్ తెర మూత వచ్చింది, ప్లగ్ ఇన్వర్టర్ మీదికి మారింది, ఉప్పు 1.026కి వచ్చింది. మామయ్య గీత చూసి పోస్తున్నారు. ఎవరైనా గీతకు పైన పోస్తే ఊరుకోవడం లేదు.

కాజీపేట_పెద్దన్న:

బాగు బాగు. జాడీలో ఉన్నదాన్ని ఒకసారి తిప్పి పొట్ట చూడండి. అడుగున మడత వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది, సన్నగా కోసుగా ఉంటే మగది, కూరకు కొనేటప్పుడు చూస్తాం కదా, అదే లెక్క. ఆడదైతే ఆ మడత కింద గుడ్లు ఉన్నాయేమో చూడండి. ఏదైనా సరే, గ్లాసు అప్పుడే తీసేయకండి, ఆ రాయిలో ఒక్కటే ఉందని నమ్మకం ఏంటి? ఇంకో మూడు రాత్రులు పెట్టి చూడండి.

రెండడుగుల_సముద్రం:

మడత సన్నగానే ఉందండీ. గ్లాసు మళ్లీ పెట్టాను. బాబు పడుకోనంటున్నాడు, ఎర్ర కాగితం చుట్టిన టార్చ్ వాడి చేతిలోనే ఉంది.